పండగ వదిలేసి రాంచీకి

జనవరి 12, 2024. శుక్రవారం

భోగికి ఇంకా రెండు రోజులుంది. విశాఖపట్నం స్టేషన్‌లో దిగే జనమే తప్ప ఎక్కే జనం లేరు. సంచులు, పిల్లలు, కొత్త బట్టల కవర్లు, అందరి మొహాలూ ఇంటివైపే. మేమిద్దరమే ఎదురీదుకుంటూ బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అసలు పేరు అలెప్పీ–ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్. మా వైపు ఆ పేరుతో ఎవరూ పిలవరు.

నాతో వస్తున్నది మా అక్క కూతురు. పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది, హాకీలో గోల్‌కీపర్. ఈ ఏడాది రాష్ట్రం జూనియర్ జట్టుకు ఎంపికైందని ఇల్లంతా సంబరపడ్డాం. టోర్నమెంటు మొత్తం బెంచీ మీదే కూర్చుని తిరిగొచ్చింది. జట్టులో తను రెండో కీపరు. వచ్చిన రోజే ప్యాడ్లు, కిక్కర్లు, హెల్మెట్ మూటగట్టి అటకెక్కించేసింది. కారణం అడిగితే "ఏం లేదు పిన్నీ, చదువుకోవాలి" అంది. చదువు మాట ఎత్తిందంటే విషయం ముదిరిందనే.

నేనూ యూనివర్సిటీ దాకా గోల్‌లోనే నిలబడ్డాను. ఇప్పుడు ఒక హైస్కూల్లో వ్యాయామ టీచర్ని. మంచి మాటలు చెప్పడం నాకు చేతకాదు. రాంచీలో ఒలింపిక్ క్వాలిఫయర్ జరుగుతోంది, ఎనిమిది జట్లు, మొదటి మూడు పారిస్ వెళ్తాయి, చూద్దాం రా అన్నాను. "పండగ పూట ఆడపిల్లని ఎక్కడికో తిప్పుతావా?" అని అక్క కేకలేసింది. అయినా అరిసెల డబ్బా మాత్రం తనే సర్దింది.

బొబ్బిలి దాటాక మా వాడి (నేను దాన్ని అలాగే అంటాను) నోరు పెగిలింది.

"రజనక్క ఆడుతుందా పిన్నీ?"

లేదు. క్వాలిఫయర్ జట్టులో కీపర్లు సవితా పునియా, బిచ్చూ దేవి ఖరిబమ్. మన ఎతిమార్పు రజని ఇదే నెలలో హాకీ ఫైవ్స్ (జట్టుకు అయిదుగురే ఆడే హాకీ) ప్రపంచకప్ కోసం మస్కట్ వెళ్తోంది. కెప్టెన్‌గా.

"కెప్టెనా!" అని లేచి కూర్చుంది.

రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె పిల్ల. పల్లెటూరి నుంచి, అందులోనూ హాకీకి పెద్దగా పేరులేని మన రాష్ట్రం నుంచి భారత జట్టు గోల్ దాకా వెళ్లడం చిన్న విషయం కాదు. కాకపోతే ఆమె కాలంలోనే, అదే గోల్‌లో సవిత ఉంది. హర్యానా సిర్సా జిల్లా జోధ్‌కాఁ ఊరి అమ్మాయి. 2021, 2022, 2023, వరసగా మూడేళ్లు ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో రజని ఉంది. 2018 లండన్ ప్రపంచకప్‌కి వెళ్లింది, అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులోనూ ఉంది. అన్నిచోట్లా మొదటి పేరు సవితదే. ఒలింపిక్స్‌కి వచ్చేసరికి లెక్క ఇంకా బిగుసుకుంటుంది. పదహారు మంది జాబితాలో కీపర్‌కి ఒక్కటే చోటు. రియోకి సవిత, రజని రిజర్వ్. టోక్యోకి సవిత, రజని రిజర్వ్. కోవిడ్ పుణ్యమా అని టోక్యోలో రిజర్వ్ వాళ్లను కూడా వాడుకునే వీలు ఇచ్చారు గానీ గోల్‌లో నిలబడింది సవితే.

మిగతా పదిమంది ఆటగాళ్లు మ్యాచ్ పొడుగునా మారుతుంటారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు లోపలికి వెళ్తారు. కీపర్ అలిసిపోదు. అదే రెండో కీపర్ ఖర్మ.

ఇదంతా చెబుతుంటే రాయగడ వచ్చింది. మా వాడు మళ్లీ మాట్లాడలేదు. అరిసెలు మాత్రం నాలుగు తింది.

జనవరి 13, శనివారం

అర్ధరాత్రి రూర్కెలా ఎప్పుడు దాటిందో తెలియదు. హటియా దగ్గర మెలకువ వచ్చింది. కిటికీ అద్దం పట్టుకుంటే ఐస్ ముక్క ముట్టుకున్నట్టే ఉంది. రాంచీలో దిగేసరికి పొగమంచులో పక్క ప్లాట్‌ఫారం కనబడలేదు. మేం తెచ్చుకున్న స్వెట్టర్లు విశాఖ చలికి కొన్నవి. ముందు రోడ్డు పక్కన శాలువాలు కొని, తర్వాత లాడ్జి వెతుక్కున్నాం.

పొద్దున టిఫిన్ ధుస్కా. బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేస్తారు. మన పునుగుని అరచేతంత వెడల్పు చేస్తే ఎలా ఉంటుందో అలా. పక్కన శనగల కూర. ఆ చలిలో అంతకంటే మంచిది ఇంకేం దొరుకుతుంది.

స్టేడియం మొరాబాదీలో ఉంది. పేరు మరాంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా హాకీ స్టేడియం. మరాంగ్ గోమ్కే అంటే ఇక్కడి ముండా ఆదివాసుల భాష ముండారీలో పెద్ద నాయకుడు. జైపాల్ సింగ్ ఈ పక్కనే ఉన్న ఖుంటీ ప్రాంతంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్స్‌కి భారత హాకీ జట్టును కెప్టెన్‌గా తీసుకెళ్లాడు. మనకు వచ్చిన మొదటి హాకీ స్వర్ణం అది. ఆ కెప్టెన్ ఫైనల్ ఆడలేదు, మధ్యలోనే జట్టుకు దూరమయ్యాడు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గొంతెత్తింది కూడా ఆయనే. గేటు దగ్గర లైన్లో నిలబడి ఇవన్నీ చెబుతుంటే "నువ్వు స్కూల్లో కూడా ఇలాగే చెప్తావా పిన్నీ?" అంది మా వాడు. చెప్పడం ఆపేశాను.

ఆటకు ముందు టర్ఫ్ మీద నీళ్లు చల్లుతారు. నీలం రంగు మైదానం లైట్ల కింద చెరువులా మెరిసింది. కీపర్లిద్దరూ వార్మప్‌కి వచ్చినప్పుడు మా వాడు స్టాండ్ కింది వరస దాకా పరుగెత్తింది. కీపర్ కిట్ వేసుకుని నడవడమే ఒక విద్య. కాళ్లకు మందపాటి ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, ఎడమ చేతికి పలకలాంటి గ్లవ్, కుడి చేతి గ్లవ్‌లో స్టిక్. బంతి బరువు 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉంటుంది. చెబితే ఏముందిలే అనిపిస్తుంది. టర్ఫ్ మీద తడి రేపుకుంటూ వచ్చి కిక్కర్‌కి తగిలినప్పుడు వచ్చే చప్పుడు వింటే అలా అనిపించదు. తలుపు మీద ఎవరో గునపంతో కొట్టినట్టుంటుంది. టీవీలో ఆ చప్పుడు రాదు.

ఆట సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అమెరికా 1, భారత్ 0. పదహారో నిమిషంలో అబిగైల్ టేమర్ కొట్టింది. మిగతా నలభై నాలుగు నిమిషాలూ మనవాళ్లు ఆ గోల్ చుట్టూ తిరిగారు. ఇదే మైదానంలో రెండు నెలల క్రితం ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో జపాన్‌ని 4–0తో ఓడించిన జట్టు ఇది. గోల్ కొట్టగల వందనా కటారియా చెంప ఎముక విరిగి ఆఖరి రోజుల్లో జట్టుకు దూరమైంది. ఆ లోటు మొదటి రోజే కనబడింది.

జనవరి 14, ఆదివారం

భోగి. అక్క వీడియో కాల్ చేసి మంట చూపించింది. మేం లాడ్జి గదిలో హీటర్ చూపించాం.

సాయంత్రం న్యూజీలాండ్‌తో ఆట. మేం సీట్లలో సర్దుకునే లోపే సంగీతా కుమారి గోల్ కొట్టేసింది, మొదటి నిమిషంలోనే. సంగీత ఇక్కడి సిమ్‌డేగా జిల్లా పిల్ల. స్టేడియం లేచి నిలబడింది. మా పక్కన కూర్చున్న పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, నా భుజం మీద ఒక్కటిచ్చింది. తొమ్మిదో నిమిషంలో న్యూజీలాండ్ సమం చేసింది. పన్నెండులో ఉదిత, పద్నాలుగులో బ్యూటీ డుంగ్‌డుంగ్. బ్యూటీదీ సిమ్‌డేగానే, ఇంకో దెబ్బ పడింది. నాలుగు గోల్సూ మొదటి క్వార్టర్లోనే అయిపోయాయి. తర్వాత ఎంతసేపు చూసినా 3–1 మారలేదు.

ఈ జట్టులో జార్ఖండ్ వాళ్లు నలుగురు. సంగీత, బ్యూటీ, సలీమా టేటే సిమ్‌డేగా జిల్లా. వైస్ కెప్టెన్ నిక్కీ ప్రధాన్ ఖుంటీ జిల్లా హేసల్ ఊరు, జార్ఖండ్ నుంచి ఒలింపిక్స్ ఆడిన మొదటి మహిళా హాకీ క్రీడాకారిణి. వీళ్లలో ఎవరికి బంతి అందినా స్టాండ్స్‌లో గోల ఇంకో మెట్టు ఎక్కుతుంది. పెద్దావిడ అయితే వాళ్ల పేర్లను మనవరాళ్లను కేకేసినట్టు కేకేస్తుంది.

జనవరి 15, సోమవారం

సంక్రాంతి. ఇండియాకు మ్యాచ్ లేదు. ఇక్కడ ఇదే రోజుకి టుసు పరబ్. రంగు కాగితాలు, వెదురు బద్దలతో గోపురంలా కట్టిన చౌడల్ మోసుకుంటూ ఆడవాళ్లు పాడుకుంటూ నది వైపు వెళ్తారు. మాందర్ డోలు మోగుతోంది. మా వాడు వాళ్ల వెంట కొంతదూరం వెళ్లింది, నేను చలికి టీ కొట్టు దగ్గరే ఆగిపోయాను.

టీ కొట్టు ఆయన అటుకులు, పెరుగు, బెల్లం పెట్టాడు. మేం ఊరికే తినడం ఎందుకని అరిసెల డబ్బా తెరిచాం. ఆయన ఒకటి విరిచి నోట్లో వేసుకుని, ఇంట్లోకి చూస్తూ భార్యను పిలిచి "ఏయ్, వీళ్లు అర్సా తెచ్చారు" అన్నాడు. బియ్యప్పిండి, బెల్లప్పాకం, నూనె. వాళ్లదీ అదే, పేరు కూడా దాదాపు అదే. ఆవిడ లోపలి నుంచి తన అర్సా రెండు తెచ్చి మా చేతిలో పెట్టింది. మనవి కొంచెం పల్చన, వాళ్లవి గట్టి. ఎవరివి బాగున్నాయన్నది మా అక్క చదువుతుంది కాబట్టి రాయను.

జనవరి 16, మంగళవారం

ఇటలీపై 5–1. సలీమా కూడా ఒక గోల్ కొట్టింది. ఉదితకు ఇది వందో అంతర్జాతీయ మ్యాచ్. మొదటి నిమిషంలో ఒకటి, యాభై అయిదులో ఒకటి కొట్టింది. సెమీస్‌కి చేరాం. ప్రత్యర్థి జర్మనీ.

రాత్రి గదిలో మా వాడు అడిగింది: "వంద మ్యాచులు ఆడితే వందో మ్యాచ్ అంటారు. వంద మ్యాచులు బెంచీ మీద కూర్చుంటే ఏమంటారు?"

నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నిజానికి నిద్ర పట్టలేదు.

జనవరి 17, బుధవారం

మళ్లీ విరామం. ఖుంటీ బస్సెక్కాం. ముప్పై ముప్పై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. సాల చెట్లు, ఎర్రమట్టి, మధ్యలో కోసేసిన వరి మళ్లు. ఇళ్ల ముందు ఎరుపు తెలుపు చారల జెండాలు, ఆదివాసుల సర్నా మతానివి. ఖుంటీలో దిగి, ఆటో మాట్లాడుకుని పల్లెల వైపు వెళ్లాం. ఎవరి ఇంటికీ వెళ్లాలనుకోలేదు. ఆటగత్తెల ఇళ్లను గుళ్లలా చూసి రావడం నాకు నచ్చదు. మైదానం ఒకటి కనబడితే చాలనుకున్నాం, కనబడింది.

మైదానం అంటే కోసిన పొలమే. ఒక వైపు వాలు. బంతి ఎవరూ కొట్టకపోయినా ఆ మూలకే దొర్లుతోంది. పన్నెండు పదమూడు మంది ఆడపిల్లలు, సగం మందికి కాళ్లకు ఏమీ లేవు. నాలుగైదు మామూలు స్టిక్‌లు, మిగతావి వెదురు, చెట్టు కొమ్మలు. కొమ్మను వంపు దగ్గర చూసి నరుక్కుంటారట, అప్పుడు చివర హాకీ స్టిక్ లాగే మెలి తిరిగి ఉంటుంది. సలీమా లాంటి వాళ్లు మొదలుపెట్టింది ఇలాంటి కర్రలతోనే. ఈ పల్లెల్లో హాకీ పోటీలకు బహుమతి మేకపోతు. ఖస్సీ టోర్నమెంటు అంటారు. గెలిచిన జట్టు దాన్ని ఊరికి తోలుకొచ్చి వండుకుంటుంది. కప్పు ఇస్తే ఎక్కడ పెట్టుకోవాలి? ఇదే నయం.

గోల్ అంటే రెండు రాళ్లు. ఒక చిన్నది, పదేళ్లుంటాయేమో, మా వాడిని చూసి "దీదీ, ఆడతావా? ఎక్కడ ఆడతావు?" అని హిందీలో అడిగింది. "గోల్‌లో" అని చెప్పగానే చెయ్యి పట్టుకుని లాక్కుపోయి రాళ్ల మధ్య నిలబెట్టారు.

ప్యాడ్లు లేవు, హెల్మెట్ లేదు. మా వాడు నా వైపు చూసింది, నేను ఆటోవాడి వైపు చూశాను. మొదటి బంతికి కాళ్లు ఎత్తి తప్పుకుంది. గోల్. రెండోది కూడా గోల్. ఆ చిన్నది నడుం మీద చెయ్యి వేసుకుని, "ప్యాడ్లు లేకపోతే నీకు రాదా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

తర్వాత గంటసేపు మా వాడు కదిలిన తీరు నేను ఎప్పుడూ చూడలేదు. శాలువా తీసి నడుంకి కట్టుకుంది. వాలు చూసుకుని ఒక పక్కకు జరిగి నిలబడింది. మడమ మీద కాకుండా పాదం మునివేళ్ల మీద. చివరికి మోకాలు చీరుకుపోయింది, ఎర్రమట్టి, నెత్తురు కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఎన్ని ఆపిందో, ఎన్ని వదిలిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇక్కడ రెండో కీపర్ లేదు, మొదటి కీపరూ లేదు. ఎవరికి ఓపిక ఉంటే వాళ్లు రాళ్ల మధ్య నిలబడతారు.

తిరుగు బస్సులో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.

జనవరి 18, గురువారం

సాయంత్రం సెమీస్‌లో అమెరికా జపాన్‌ని ఓడించింది. రాత్రి ఏడున్నరకు మనది. స్టేడియంలో చోటు లేదు, మెట్ల మీద కూర్చున్నాం. పెద్దావిడ ఎక్కడ కూర్చుందో కనబడలేదు గానీ గొంతు వినబడింది.

పదిహేనో నిమిషంలో దీపిక గోల్. ఇరవై ఏడులో జర్మనీ షార్లట్ స్టాపెన్‌హోర్స్ట్ సమం చేసింది. అక్కణ్ణుంచి అరగంట టెన్షన్. యాభై ఏడో నిమిషంలో ఆమే రెండోది కొట్టింది. మా ముందు వరస వాళ్లు సంచులు సర్దుకుని లేచారు. యాభై తొమ్మిదో నిమిషంలో ఇషికా చౌదరి గోల్! సంచులు మళ్లీ కింద పడ్డాయి. 2–2.

షూటౌట్.

ఇది కీపర్ ఆట. ఆడే మనిషి 23 మీటర్ల గీత దగ్గర బంతితో మొదలుపెడుతుంది, ఎనిమిది సెకన్లలో గోల్ చేయాలి. వెనక ఉన్న గోల్ 3.66 మీటర్ల వెడల్పు, మధ్యలో కీపర్ ఒక్కతే. విజిల్ పడగానే కీపర్ ముందుకు ఉరకాలి. దగ్గరికి వెళ్లే కొద్దీ గోల్ చిన్నదవుతుంది. కానీ ముందు పడుకున్నావో అయిపోయావు. పడుకున్న కీపర్ చుట్టూ తిరిగి బంతిని తోసెయ్యడం ఎవరికైనా వచ్చు. ఎదుటివాళ్లు కదిలేదాకా కదలకుండా ఓర్చుకోవడమే మొత్తం విద్య. నాకు అది ఎప్పుడూ చేతకాలేదు, నేను ఎప్పుడూ ముందే పడిపోయేదాన్ని.

సవిత పడలేదు. వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతులు బార్లా చాపి, ఒక్కో సెకనూ వాళ్ల దగ్గర్నుంచి లాక్కుంటూ ఆడింది. మా వాడు నా మణికట్టు పట్టుకుంది. ప్రతి జర్మన్ అమ్మాయి పరుగుకీ దాని పాదాలు మెట్టు మీద చిన్న చిన్న అడుగులు వేస్తున్నాయి, సవిత ఎటు వెళ్తే అటు. మొదటి అయిదేసి ప్రయత్నాలు అయ్యేసరికి సమం. ఇక సడన్ డెత్, అంటే ఒకరు కొట్టి ఇంకొకరు తప్పితే అక్కడితో ఆట అయిపోయినట్టే. అందులో జర్మనీ 4, మనం 3.

అంతమంది జనం ఉండి అంత నిశ్శబ్దం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జనవరి 19, శుక్రవారం

ఇంకా ఒక దారి ఉంది, మూడో స్థానం. జపాన్. నవంబర్‌లో ఇక్కడే నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయిన జపాన్. ఆరో నిమిషంలో పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర ఫౌల్ చేస్తే అవతలి జట్టుకు ఇచ్చే అవకాశం, పీసీ అంటాం) మీద కానా ఉరాతా కొట్టింది. మనకు పీసీ మీద పీసీ వచ్చింది, ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. 0–1. పారిస్ లేదు.

1980 మాస్కో తర్వాత మన అమ్మాయిలు మళ్లీ ఒలింపిక్స్ చూడటానికి 36 ఏళ్లు పట్టింది. రియో, ఆ తర్వాత టోక్యోలో క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాను 1–0తో ఓడించి నాలుగో స్థానం. అంత దూరం వచ్చి ఇక్కడ, సొంత ఊళ్లో, చలిలో ఆగిపోయారు. ఆ తర్వాత జరిగిన జర్మనీ, అమెరికా ఫైనల్‌కి మేం కూర్చోలేదు. బయట పెద్దావిడ కనబడింది. మమ్మల్ని గుర్తుపట్టి, ఏమీ అనకుండా మా వాడి తల నిమిరి వెళ్లిపోయింది.

జనవరి 20, 21

రైలు. నిద్ర. రైలు ఆలస్యం. ఖాళీ అరిసెల డబ్బాలో ధుస్కాలు తీసుకెళ్దామనుకున్నాం, టిట్లాగఢ్ వచ్చేలోపు మేమే తినేశాం. ఇంటికి రాగానే అక్క మోకాలు చూసి నన్ను తిట్టింది.

జనవరి 27, శనివారం

ఇది ప్రయాణంలోది కాదు, అయినా రాస్తున్నాను. మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ ఫైనల్, ఫోన్లో చూశాం. చిన్న కోర్టు, అయిదుగురే, ఎక్కడి నుంచైనా గోల్ కొట్టొచ్చు కాబట్టి కీపర్‌కి ఊపిరి ఆడదు. రజని కెప్టెన్, క్వార్టర్స్‌లో న్యూజీలాండ్‌పై 11–1, సెమీస్‌లో దక్షిణాఫ్రికాపై 6–3. ఫైనల్లో మాత్రం నెదర్లాండ్స్ 7–2తో కొట్టింది. రజతం.

"ఏడా!" అంది అక్క, వంటింట్లోంచి తొంగిచూసి.

"వచ్చినవి చూశావా అమ్మా, రాకుండా ఆగినవి చూశావా?" అని మా వాడు కసిరింది. పతకాలు వేస్తున్నప్పుడు ఫోన్ దగ్గరికి లాక్కుని వరసగా మొహాలు చూస్తూ పోయింది.

"పిన్నీ, అక్కడ రెండో కీపర్ ఎవరు?"

"బన్సరి సోలంకి."

ఆ పేరు ఇంకోసారి చెప్పించుకుని, ఫోన్లో టైప్ చేసుకుంటూ మేడ మీదికి వెళ్లిపోయింది.